కుళ్లాయప్ప ఎర్ర దారం

గుత్తి బస్టాండు వెనక రేకుల షెడ్డులో, లోకంలోని ప్రతి సామానునీ అనుమానించి తన చేతిని మాత్రం ఏనాడూ అనుమానించని కుళ్లాయప్ప అనే మెకానిక్కు ఉండేవాడు.

అతను బాగుచేసేవి మామూలు బండ్లు కావు. నలభై, యాభై ఏళ్ల కిందట రాళ్లగుట్టలు ఎక్కడానికని తయారైన మోటారు సైకిళ్లు. వాటిని ట్రయల్స్ బండ్లు అంటారు. వాటి పోటీలో వేగంతో పని లేదు. బండరాళ్ల మీద, గుండ్ల సందుల్లో, నడిచే మనిషి కన్నా నెమ్మదిగా, కాలు కింద మోపకుండా పోవాలి. కాలు మోపితే మార్కు పోతుంది. ఇంజను ఆగిపోతే ఆ చుట్టు మొత్తం పోతుంది. దూరం నుంచి చూసేవాళ్లకు ఇదేం పోటీ అనిపిస్తుంది. ఒకసారి ఎక్కి చూస్తే వీపు తడిసిపోతుంది.

అంత పాత బండ్లకు సామాన్లు దొరకవు. అందుకే, చెడిపోయింది ఏదో కనుక్కోవడమే సగం పని. కుళ్లాయప్పకు దానికొక పద్ధతి ఉండేది. ముందు గోనెపట్ట పరిచేవాడు. అనుమానం వచ్చిన సామాను విప్పి దాని మీద పెట్టి, ఎర్ర దారం కట్టేవాడు. పరీక్ష చేసేవాడు. తప్పు లేదని తేలితే దారం తెంపి, "నీ తప్పేం లేదు, పో" అని గుడ్డతో తుడిచి మళ్లీ బిగించేవాడు. ఏ జడ్జీ కూడా ముద్దాయిని అంత మర్యాదగా వదిలిపెట్టడు.

ఊరి బయట ఏనుగుబండ అనే గుట్ట మీద ఏటేటా ఈ పోటీలు జరిగేవి. ఆ ఏడాది పాత బండ్లు ఒక్కటి కూడా చుట్టు పూర్తి చేయలేదు. ఒకదాని చైను తెగింది, ఒకటి పొగ కక్కి ఆగింది. పోటీల కార్యదర్శి ప్రభంజన్ సారు మైకు పట్టుకుని నవ్వాడు.

"పాత బండ్లు ఇంట్లో పెట్టుకుని పూజ చేసుకోండయ్యా. వచ్చే ఏడాది ఒక్కటైనా చుట్టు పూర్తి చేయకపోతే, ఇక పాత బండ్ల పోటీ ఎత్తేస్తాం" అన్నాడు.

జనం కూడా నవ్వారు. కుళ్లాయప్పకు ఒళ్లు మండిపోయింది. గ్రీజు చేతులతోనే వేదిక ముందుకు వెళ్లాడు.

"ఎత్తేయడానికి నువ్వెవరు సారూ? వచ్చే ఏడాది నేను ఎక్కిస్తా. నా బండి చుట్టు పూర్తి చేయకపోతే మళ్లీ పానా పట్టను. ఇదే మాట!" అన్నాడు.

ఆ మాట అందరూ విన్నారు. పానా పట్టకపోతే కుళ్లాయప్పకు ఇంకేమీ చేతకాదని కూడా అందరికీ తెలుసు.

గుంతకల్లులో ఒక ఇంటి పెరట్లో, కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న పాత ట్రయల్స్ బండి ఒకటి దొరికింది. దాన్ని షెడ్డుకు తెచ్చి ఆర్నెల్లు కష్టపడ్డాడు. బిగుసుకుపోయిన పిస్టనును వారం రోజులు డీజిల్లో నానబెట్టి కదిలించాడు. ట్యాంకులో గుప్పెడు గులకరాళ్లు, కాస్త కిరోసిన్ పోసి, చేతులు పడిపోయేదాకా ఊపి తుప్పు రాల్చాడు. చివరికి ట్యాంకుకు లేత మామిడాకు రంగు వేశాడు. ఆ రంగు చూసుకుని అతనికి కడుపు నిండినంత సంతోషమైంది.

అయితే ఒక చిక్కు వచ్చింది. ట్యాంకు మూతకు నడుమ సూది మొనంత బెజ్జం ఉంది. బండి రాళ్ల మీద ఊగినప్పుడల్లా ఆ బెజ్జంలోంచి పెట్రోలు చిమ్మి కొత్త రంగు మీద మరకలు పడ్డాయి. కుళ్లాయప్పకు ప్రాణం ఉసూరుమంది. ఆ బెజ్జాన్ని టంకం పెట్టి పూడ్చేశాడు. మూత కింద మందమైన రబ్బరు వాషరు వేసి బిగించాడు.

"ఇంక ఒక్క చుక్క బయటికి వస్తే నన్నడుగు!" అన్నాడు మీసం దువ్వుతూ.

ఆ బండి నడపవలసింది షమీమ్. ఆమె హైవే మీద పెట్రోలు బంకులో పని చేసేది. వాళ్ల నాన్న రాళ్ల క్వారీలో డ్రైవరు. చిన్నప్పుడు ఆ క్వారీలోనే మోపెడ్డు మీద రాళ్లు ఎక్కడం దిగడం నేర్చుకుంది. కుళ్లాయప్పను మామా అని పిలిచేది. ఆమెలాగా బండి మీద నిలబడి రాయి ఎక్కించగలిగేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు.

మొదటిసారి బండిని ఊరి బయటికి తీసుకెళ్లారు. పది నిమిషాలు గుర్రంలా నడిచింది. తర్వాత దగ్గి, ముక్కి, ఆగిపోయింది. షమీమ్ ఎన్ని కిక్కులు కొట్టినా పలకలేదు. కుళ్లాయప్ప పరుగెత్తుకుంటూ వచ్చి మూత తీసి చూశాడు. పెట్రోలు నిండా ఉంది. మూత బిగించి కిక్కు కొట్టాడు. బండి వెంటనే లేచింది.

"చూసినావా? వేడెక్కితే ఆగుతాది, చల్లారితే లేస్తాది. ఇది కాయిలు చేసే పని" అన్నాడు.

షెడ్డుకు రాగానే, ప్లగ్గుకు కరెంటు పంపే ఆ కాయిలుకు ఎర్ర దారం కట్టాడు. వేరే కాయిలు బిగించి చూశాడు. మర్నాడు బండి మళ్లీ పది నిమిషాలకే ఆగింది. మళ్లీ మూత తీసి పెట్రోలు చూశాడు, మళ్లీ లేచింది. ఈసారి కండెన్సరుకు దారం పడింది. ఆ తర్వాత పాయింట్లకు, ప్లగ్గుకు, కార్బ్యురేటరుకు. షెడ్డులో నిలబెట్టి అయిదు నిమిషాలు నడిపితే చక్కగా నడిచేది. రోడ్డెక్కితే మొరాయించేది. గోనెపట్ట చుట్టూ తెగిన దారాలు పోగు పడ్డాయి.

మూడో వారం షమీమ్ ఉండబట్టలేక చెప్పింది.

"మామా, నువ్వు మూత తీసినప్పుడల్లా ఉస్సుమని సప్పుడొస్తాంది. గాలి లోపలికి పీలుస్తాంది. నేను బంకులో రోజూ వందల మూతలు తీస్తా. మంచి మూత ఇట్ల పీల్చదు. దానికొక దారం కట్టి చూడు."

కుళ్లాయప్ప చేతిలోని పానాను ఠంగుమని కింద పడేశాడు.

"పెట్రోలు పోసే పిల్లవి, బండికి రోగం నువ్వు చెప్తావా? ఆ మూత నా చేత్తో బాగుచేసినా. నా చేతి పనికి దారం కట్టమంటావా? మీ బంకు పెట్రోల్లో నీళ్లుండాయేమో, పోయి అది చూసుకో!"

షమీమ్ ముఖం చిన్నబోయింది. అయినా తల వంచలేదు.

"నేను చెప్పేది చెప్పినా మామా. ఈ బండిలో అన్నిటికీ దారం కట్టినావు, దానికి తప్ప. అది మటుకు గుర్తు పెట్టుకో" అని సైకిలెక్కి బంకుకు వెళ్లిపోయింది.

పోటీ రోజు వచ్చింది. ఆదివారం పొద్దున్నే ఏనుగుబండ చుట్టూ జనం చేరారు. షమీమ్ కూడా వచ్చింది. అలిగినా మాట తప్పే మనిషి కాదామె. ఒక్కో బండికి మూడు చుట్లు. పాత బండ్లలో ఈసారి నిలబడింది కుళ్లాయప్పది ఒక్కటే.

మొదటి చుట్టులో ఆమె నడిపిన తీరు చూసి కొత్త బండ్లవాళ్లే ఈలలు వేశారు. కాలు ఒక్కసారి కూడా మోపలేదు. కానీ గుట్ట తలకు చేరే చివరి ఎక్కుడు దగ్గర, సరిగ్గా పది నిమిషాలకు, బండి దగ్గి ఆగిపోయింది. కుళ్లాయప్ప కాయిలు మార్చాడు, మూత తీసి పెట్రోలు చూశాడు, బిగించాడు. రెండో చుట్టులో అదే ఎక్కుడు, అదే దగ్గు. బండిని తోసుకుంటూ కిందికి తెచ్చారు.

ఇక ఒక్క చుట్టు మిగిలింది. కుళ్లాయప్ప బండ మీదే గోనెపట్ట పరిచి కూర్చున్నాడు. ప్రతి సామానూ విప్పి చూశాడు. కాయిలు మంచిది. పాయింట్లు మంచివి. కార్బ్యురేటరు అద్దంలా ఉంది. ఎవరి మీద నేరం మోపాలో అతనికి తోచలేదు. తలెత్తి బండిని చూశాడు. దాని మీద దారం ఎరగని సామాను ఒక్కటే కనబడింది. ఎండలో తళతళలాడుతూ మూత.

మూత తీసినప్పుడల్లా వచ్చిన ఉస్సుమనే ఆ చప్పుడు అప్పుడు అతని చెవిలో మెదిలింది. అన్నాళ్లూ అది వినబడలేదని కాదు, వినదలచుకోలేదు. పక్కనే షమీమ్ హెల్మెట్టు చంకలో పెట్టుకుని నిలబడి ఉంది.

అంతలో ప్రభంజన్ సారు వచ్చి కుళ్లాయప్ప భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇందులో నీ తప్పేముంది కుళ్లాయప్పా? నీ పనితనం అందరం చూశాం. పాతకాలం సామాను, వేడికి తట్టుకోలేదు. అదే మైకులో చెప్తాను. నీ మాట నువ్వు వెనక్కి తీసుకో, మేం పాత బండ్ల పోటీ తీసేస్తాం. గౌరవంగా ముగించేద్దాం" అన్నాడు.

పిల్లలూ, ఈ ఒక్క క్షణం జాగ్రత్తగా చూడండి. ఆ మాటకు సరేనంటే కుళ్లాయప్ప చేతికి మచ్చ రాదు. పానా కూడా పోదు. నింద మొత్తం నోరులేని పాత ఇనుము మీద పడుతుంది. అదీ కాకపోతే మేకు తీసుకుని, ఎవరూ చూడకుండా మూతకు బెజ్జం పొడిచి, కాయిలే చెడిందని చెప్పినా అడిగేవాళ్లు లేరు. మనలో చాలామందిమి ఆ పనే చేసి ఉండేవాళ్లం.

కుళ్లాయప్ప ఆ చెయ్యిని భుజం మీద నుంచి తీసేశాడు. లేచి నిలబడ్డాడు. కొండ ప్రతిధ్వనించేలా అరిచాడు.

"కాదు సారూ! పాత సామాను ఒక్కటి గూడా తప్పు చేయలే. యాభై ఏళ్ల కాయిలు మంచిదే, కార్బ్యురేటరు మంచిదే. ఈ బండిలో చెడింది ఒక్కటే, అది నేను చేసిన పని!"

జనం చుట్టూ మూగారు. అతను జేబులోంచి ఎర్ర దారం తీసి మూతకు కట్టాడు.

"నూనె డబ్బాకు ఒక్క బెజ్జం కొడితే నూనె దిగుతాదా? గాలి లోపలికి పోయేదానికి ఇంకో బెజ్జం కొట్టాల. మన ఇండ్లల్లో ఆడోళ్లందరికీ తెలుసు. ఈ ట్యాంకుకు గాలి పోయే బెజ్జాన్ని, రంగు మీద మోజుతో, నేనే పూడ్చినా. లోపల పెట్రోలుంది, కిందికి దిగేదానికి గాలి లేదు. నేను మూత తీసినప్పుడల్లా గాలి లోపలికి పోయి బండి లేస్తాంది. నేనేమో కాయిలును తిట్టినా, కండెన్సరును తిట్టినా, ఈ పాపను తిట్టినా!"

ఇంకొక దారం తీసి, పళ్లతో పట్టుకుని, తన కుడి చేతి మణికట్టుకు ముడి వేసుకున్నాడు. ఆ తర్వాత షమీమ్ వైపు తిరిగాడు. అంత పెద్ద గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది.

"పాపా, ఆ పొద్దు నువ్వు చెప్పింది నిజం. నేను నీ పనిని చిన్న చేసి మాట్లాడినా. తప్పయింది."

షమీమ్ కళ్లు చెమర్చాయి. కానీ ఆమె కూడా గట్టి పిండమే.

"తప్పులు తర్వాత మాట్లాడుకుందాంలే మామా. ముందు బెజ్జం కొట్టు, నా చుట్టు వచ్చేస్తాంది" అంది.

కుళ్లాయప్ప మేకు పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. టంకం ఊడి, పాత బెజ్జం తెరుచుకుంది. ప్రభంజన్ సారు మాత్రం పెదవి విరిచాడు.

"ఇంత చిన్న బెజ్జంతో గుట్ట ఎక్కుతుందా?" అన్నాడు.

"నిలబడి చూడు సారూ. పోయేదైతే నా పానా పోతాది, నీదేం పోతాది?" అన్నాడు కుళ్లాయప్ప.

షమీమ్ బయలుదేరింది. సందులు దాటింది. బోడిగుండు అనే నున్నటి బండరాయి ఎక్కి దిగింది. పది నిమిషాలైంది. చివరి ఎక్కుడు దగ్గరికి వచ్చేసరికి జనం ఊపిరి బిగబట్టారు. బండి వెనక్కి ఒరిగింది. బెజ్జంలోంచి పెట్రోలు చిమ్మి, మామిడాకు రంగు మీద ధారగా కారింది. కుళ్లాయప్ప అంత మోజుగా కాపాడుకున్న రంగు అతని కళ్లముందే మరకలైపోయింది.

"కారనీ! కారనీ!" అని అతను గంతులు వేశాడు.

ఒకచోట చక్రం జారి షమీమ్ ఎడమ కాలు రాతిని తాకింది. ఇంజను మాత్రం ఆగలేదు. టుక్ టుక్ మంటూ ఆ ముసలి బండి ఏనుగుబండ తల మీదికి ఎక్కి నిలబడింది.

"కాలు మోపింది, ఒక మార్కు పోయింది" అన్నాడు ప్రభంజన్ సారు.

"పోనీ సారూ. ఇంజను ఆగిందా? చుట్టు పూర్తయిందా, లేదా? అది చెప్పు మైకులో!" అన్నాడు కుళ్లాయప్ప.

సారు చెప్పక తప్పలేదు. పాత బండ్ల పోటీ మరుసటి ఏడాదీ ఉంటుందని కూడా ఆ మైకులోనే చెప్పాడు.

తర్వాత కూడా కుళ్లాయప్ప ఆ ట్యాంకుకు మళ్లీ రంగు వేయలేదు. మరకలను అలాగే ఉంచాడు. మణికట్టు దారం తెగిపోయినప్పుడల్లా కొత్తది కట్టుకునేవాడు. షెడ్డుకు వచ్చినవాళ్లు, "ఏ గుడిలో కట్టించుకున్నావప్పా?" అని అడిగేవాళ్లు.

"గుడిది కాదప్పా. ఏ బండి వచ్చినా మొదట అనుమానించాల్సింది ఈ చేతిని. మరిచిపోకుండా కట్టుకున్నా" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు కూడా తల ఎత్తుకునే అనేవాడు.

నీతి: ఎవరి మీద నింద వేయాలన్నా ముందు మన చేతి పనిని మనం అనుమానించుకోవాలి, తన తప్పును నలుగురిలో ఒప్పుకునే ధైర్యం ఉన్నవాడే లోకానికి ఎదురు నిలిచి గెలుస్తాడు.