తొట్టి కింద వానపాము

కోళ్ళకీ బర్రెలకీ మాటలెక్కడివని అడక్కండి. కారే కుళాయి కింద బకెట్ పెట్టి, దాని టపటప వింటూ నీళ్ళ పొదుపు మీద కథ చెబుతున్నవాణ్ణి నేను. నా మాట వినగా లేంది, కోడి మాట వినడానికేం?

ఆ ఎండాకాలం మాలకొండమ్మ పెరట్లో బావి అడుగంటింది. ట్యాంకరు వచ్చిన రోజు సిమెంటు తొట్టి నింపుకోవాలి, మళ్ళీ వచ్చేదాకా ఆ నీళ్ళతోనే సర్దుకోవాలి. ఎంత సర్దుకున్నా ట్యాంకరు రాకముందే తొట్టి ఎండిపోతోంది. అందరికంటే ఎక్కువ నలిగింది బర్రెక్క. కొత్తగా ఈనింది. తను కడుపునిండా తాగితేనే పాలు. పాలు చాలక పెయ్యదూడ డొక్కలు లోపలికి పోయాయి.

"దొంగలు పడ్డారు!" అని గోడెక్కి ప్రకటించాడు డేగరాయుడు. ఆ పెరటి కోడిపుంజు. తను కూయకపోతే ఊరికి తెల్లారదని గట్టి నమ్మకం ఉన్నవాడు. నీళ్ళ పెద్దరికం ఎవరూ ఇవ్వకపోయేసరికి తనే తీసుకున్నాడు.

"బాతమ్మా! ఆ మడుగులోంచి లే ముందు!"

"మడుగేంది బావా, గిన్నెలు కడిగిన నీళ్ళు. అరటిపాదుకి పోతుంటే దారిలో కాళ్ళు తడుపుకుంటున్నా. చెట్టుకి తగ్గేదేం లేదులే."

"కాళ్ళు తడపాలా? నన్ను చూసి నేర్చుకో. బుద్ధెరిగాక ఒంటి మీద చుక్క పోసుకున్నానా? మట్టి స్నానం! దులుపుకుంటే సరి!"

"అందుకా బావా, నువ్వు రాకముందే నీ వాసనొస్తది!"

రాయుడు వినిపించుకోలేదు. పెట్టల వైపు తిరిగాడు. "గుక్క తాగి ఆకాశం కేసి చూస్తారేంది? ముక్కు పక్కన ఎంత కారిపోతుందో తెలుసా? తల దించి మింగండి!"

తల దించి మింగడం ఏ కోడికీ చేతకాదు. రాయుడికీ చేతకాదు. అందుకని తాను తాగేటప్పుడు కళ్ళు మూసుకునేవాడు. తను చూడనిది లెక్కలోకి రాదని ఆయన లెక్క.

"అక్కా, ఇక నువ్వు మూతి ముంచి పీల్చడం మానాలి. నాలుక తడుపుకుని లేస్తే చాలు" అన్నాడు బర్రెక్కతో.

"అబ్బయా, నాకు బుర్ర చిన్నది, పొట్ట పెద్దది" అంది బర్రెక్క. "నాలుక తడిపితే నాలుక బతుకుద్ది. బిడ్డెట్టా బతుకుద్ది?"

కట్టుబాట్లు పెరిగాయి, తొట్టిలో నీళ్ళు మాత్రం ఇంకా తగ్గాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ సంగతి తెలిసో తెలియకో, రాయుడు ఇల్లు వదిలేసి పక్క పేట కాకులను అనుమానించాడు. వాటిని తిట్టీ తిట్టీ గొంతు బొంగురుపోయింది.

దూడ లేవడం మానేసిన రోజు బర్రెక్క నెమరు వేయడం ఆపి రాయుణ్ణి ఎగాదిగా చూసింది. పెరట్లో అందరి ఒళ్ళూ ఎండిపోయాయి. ఈయన మెడ మాత్రం నిగనిగలాడుతోంది.

"అబ్బయా, ఏం తింటన్నావు?"

"వానపాములక్కా! బలిసినవి!"

"ఇంత ఎండలో వానపాములా? యాడ?"

"నలుగురి కోసం పాటుపడేవాళ్ళకి దేవుడే పంపుతాడు."

"మాకూ చూపించకూడదా? పుణ్యాత్ముడి వంట చూసైనా తరిస్తాం."

"చూపించేదేముంది, ఉత్త కోతలు!" అని బాతమ్మ ఎగదోసింది.

రాయుడికి రోషం పొడుచుకొచ్చింది. రెక్కలు టపటపలాడించి అందరినీ తొట్టి వెనక్కి తీసుకుపోయాడు. పెరడంతా పెంకులా ఎండిపోయినా అక్కడి మట్టి నల్లగా, మెత్తగా, చల్లగా ఉంది. కాలితో కెలికితే చాలు, వానపాములు.

"చూశారా? ఇవి చిన్నవి. అసలుది ఇదిగో! రోజూ పొద్దున్నే లాగుతా. కాస్త వస్తది, మళ్ళీ బిగుసుకుంటది. మొండి ఘటం. ఇయ్యాల మీ ముందే దీని పని పడతా!"

బర్రెక్కకి అప్పుడు వెలిగింది. "అబ్బయా, ఆగు, అది..." అనేలోపే రాయుడు రెండు కాళ్ళూ తన్నిపెట్టి లాగేశాడు.

వచ్చింది వానపాము కాదు. తొట్టి కడిగిన నీళ్ళు వదలడానికి అడుగున బెజ్జం ఉంది. అందులో మాలకొండమ్మ దోపిన ఎర్రచీర పీలిక అది. రోజూ లాగీ లాగీ వదులు చేస్తే రోజంతా కారింది. ఇప్పుడు మొత్తం ఊడింది. ఉన్న నీళ్ళు బుసబుసా బయటికి తన్నుకొచ్చాయి.

"నా బిడ్డ నీళ్ళు!" అని బర్రెక్క గావుకేక పెట్టింది.

నోట్లో గుడ్డతో రాయుడు జన్మలో మొదటిసారి మాట్లాడకుండా ఒక పని చేశాడు. వెనక్కి తిరిగి, తోకతో సహా ఆ బెజ్జానికి ఆనుకుని కూలబడ్డాడు. ఈకల సందుల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నా కదల్లేదు.

బర్రెక్క అరుపుకి మాలకొండమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఓరి నీ దుంపతెగ! కోడికి నీళ్ళాటేందిరా!" అంటూ పుంజుని లాగి పక్కన పడేసి, పీలికకి కొబ్బరిపీచు చుట్టి బిగించి దోపింది. ఉన్న నీళ్ళలో సగం మిగిలాయి. ముందుగా బర్రెకే ఒక బకెట్ పట్టింది. సాయంత్రానికి పాలు దిగాయి. దూడ లేచి తల్లి పొదుగు కుమ్మింది. ఆ చప్పుడు విని బర్రెక్క కళ్ళు చెమర్చాయి.

తడిసిన రాయుడు సగానికి సగం తగ్గిపోయాడు.

"బావా, ఇదేనా మట్టి స్నానం?" అంది బాతమ్మ.

"నవ్వు బాతమ్మా, గట్టిగా నవ్వు. గోడెక్కి ఊరంతా చూశా గానీ, దిగి నా ముక్కు కింద చూసుకోలా. మొత్తానికి దొంగని పట్టా. పట్టిందీ నేనే, దొరికిందీ నేనే."

"ఆ బెజ్జానికి అడ్డం కూర్చుందీ నువ్వే కదా అబ్బయా" అంది బర్రెక్క.

మర్నాటి నుంచి డేగరాయుడు గూడు దిగగానే గోడెక్కడం లేదు. ముందు తొట్టి వెనక్కి పోయి, పీలిక తడిగా ఉందో లేదో చెంప ఆనించి చూసుకుని, తర్వాతే కూస్తున్నాడు. ఆ ఊళ్ళో ఇప్పుడు కాస్త ఆలస్యంగా తెల్లారుతోంది.

నీతి: ఊరి దొంగల మీద కూసేముందు మన తొట్టి అడుగు తడిమి చూసుకోవాలి. (ఉండండి, నా బకెట్ పొర్లుతోంది.)