వానలేని వరద

కార్తీక శుద్ధ ఏకాదశి, గురువారం సాయంత్రం నాలుగున్నరకు, విశాఖపట్నంలో మా ఇంట్లో ఉండి చదువుకుంటూ, ఎదుటివాళ్ళ పనిని ఎన్నడూ నమ్మని మా చెల్లెలి కొడుకు ప్రద్యుమ్నుడు వచ్చి దేవుడిగది గడపలో కూలబడ్డాడు.

"పెద్దమ్మా, పాపం చేశాను" అన్నాడు.

వాడిది కంప్యూటర్‌తో వానలూ వరదలూ లెక్కగట్టే చదువు. లెక్కలొచ్చిన పిల్లలకు ప్రోగ్రాములు పద్ధతిగా రాయడం కూడా రావాలని ఇందుశేఖరం మాస్టారు ముగ్గురేసిని జట్టుకట్టి ప్రాజెక్టు ఇచ్చారు. ఎవరు రాసినా జట్టులో మరొకరు చదివి, జవాబు ముందే తెలిసిన చిన్న లెక్కతో సరిచూశాకే అందులో కలపాలన్నది ఆయన నియమం. బాగా చేసిన ఒక్కరిని పరిశోధనాలయంలో శిక్షణకు పంపుతానన్నారు. వీడి జట్టులోని మల్లిక ఆ శిక్షణ మీదే ఆశలన్నీ పెట్టుకుంది.

చెరువులో నీటిమట్టం లెక్క మల్లిక రాసింది. అది నెమ్మదిగా నడుస్తోందని వీడు ఎవరికీ చెప్పకుండా తీసేసి తనది పెట్టాడు. పైన మల్లిక పేరు అలాగే ఉండిపోయింది.

"చివరి కాపీ మాకూ చూపించరా" అన్నాడు జట్టులో మూడోవాడు భద్రం.

"చూసి నువ్వేం పొడుస్తావు?"

"సరేలే. నీది నువ్వే చదువుకుని నువ్వే చప్పట్లు కొట్టుకో!"

ఆ గురువారం క్లాసులో మాస్టారు, "వాన సున్నా అని ఇవ్వండి" అన్నారు. తెరమీద చెరువు నిండింది, గట్టు తెగింది, ఊరు మునిగింది. చెరువులో ముందురోజు ఉన్న నీటిని వీడి లెక్క రెండుసార్లు కలిపింది. క్లాసంతా నవ్వింది.

"చినుకు లేకుండా వరదా! ఇది నీదేనా అమ్మా?" అని పైనున్న పేరు చూసి మాస్టారు మల్లికను అడిగారు.

"నేను రాసింది ఇది కాదండీ" అంది మల్లిక.

మాస్టారు వీడివైపు చూశారు. "మల్లిక భాగమే సార్" అన్నాడు వీడు.

మాస్టారు అప్పటికప్పుడే శిక్షణకు మరో జట్టు అబ్బాయి పేరు పంపేశారు.

అంతా విని, "ఇది నాకు చెబితే పోయేది కాదు నాయనా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే దీపం పెట్టి, ఏకాదశి ఉపవాసం విడిచే ద్వాదశి పారణకు కూర్చోకుండానే, మావారూ నేనూ వాణ్ణి వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్ళాం. వాడు జరిగిందంతా చెప్పాక మాస్టారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "పేరు వెళ్ళిపోయింది బాబూ. ఇక నా చేతిలో లేదు" అన్నారు.

లైబ్రరీ మెట్ల దగ్గర మల్లిక కనిపిస్తే వాడు తలవంచుకుని, "తప్పయింది" అన్నాడు.

"అందరిముందూ అబద్ధమాడి, నిజం నా ఒక్కదానికే చెబుతున్నావా?" అని ఆ పిల్ల వెళ్ళిపోయింది.

వాడు క్లాసులో లేచి నిజం చెప్పాడు. కానీ ఆమె ఆ రోజు క్లాసుకే రాలేదు. మేం ఇంటికొచ్చి పారణకు కూర్చున్నాం.

పిల్లలూ, తోటివాళ్ళను నమ్మనివాడికి తన తప్పు చూపించేవాళ్ళే ఉండరు. ఆ తప్పును వాళ్ళమీదికే నెడితే, తర్వాత ఎంత ఒప్పుకున్నా వాళ్ళు పోగొట్టుకున్నది తిరిగిరాదు.