జంబయ్య షోరూములో గవరమ్మ బండి

అడవి దాటి సంతకు వెళ్ళే రోడ్డు మలుపులో నక్క జంబయ్యకు మోటారు సైకిళ్ళ షోరూము ఉంది. ఒకప్పుడు అక్కడ బండి కొనడమంటే ఊరేగింపే. వాగు అవతల కరెంటు బళ్ళ దుకాణం తెరిచాక జంబయ్య అద్దాల గదిలోకి తొంగిచూసేవాళ్ళే కరువయ్యారు. కొత్త బళ్ళ మీద దుమ్ము మందంగా పేరుకుంది. కంపెనీ మాత్రం అమ్ముడుపోని బళ్ళను లారీలకెత్తి పంపుతూనే ఉంది. విడిభాగాలు పంపండయ్యా అని మొత్తుకుంటే మాత్రం పలకదు.

ఆ షోరూము మెట్ల మీద గాడిద గవరమ్మ ఇరవై రెండు రోజులుగా పడిగాపులు కాస్తోంది.

ఆమె బండి కొన్నది షోకుకి కాదు. ఆమె తల్లీ, అమ్మమ్మా వీపు మీద మోసి మోసి నడుములు విరిగి పోయినవాళ్ళే. కుందేళ్ళ తోటల్లో తెల్లవారుజామున కోసిన కూరలు ఎండెక్కకముందే సంతకు చేర్చడం గవరమ్మ పని. బండి వచ్చిన రెండేళ్ళలో ఆమె వీపు మీద పుండు మానింది. మానిన చోట వెంట్రుకలు మొలిచాయి. ఒంటరిగా ఉన్నప్పుడు గోడకు వీపు రాసుకుని, నొప్పి లేదని తెలుసుకుని మురిసిపోయేది. ఆయిలు మార్చమని బండిని షోరూములో ఇచ్చిన మర్నాటి నుంచి మళ్ళీ గంపలు వీపు మీదికెక్కాయి. పుండు మళ్ళీ రేగింది. కూరలు వాడిపోయి చేరుతున్నాయని కుందేళ్ళు గొణిగి గొణిగి చివరికి మర్యాదగానే చెప్పేశాయి. సోమవారానికి బండి రాకపోతే ఆ పని ముంగిసకు ఇచ్చేస్తారట.

షోరూములో ముందు కూర్చునే చిలుక ఏమడిగినా ఒక్కటే పలికేది, బండి ప్రాసెస్‌లో ఉంది మేడమ్ అని. మొదటి వారం ఆయిలు రాలేదన్నారు. రెండో వారం మెకానిక్కు సెలవన్నారు. మూడో వారం జంబయ్యే బయటికొచ్చి, ఆడవాళ్ళు క్లచ్చి నొక్కిపట్టే నడుపుతారనీ, అందుకే ఇంజను పోయిందనీ తేల్చేశాడు.

"నేను నడుపుకుంటూ వచ్చి మీ చేతికిచ్చిన బండి, మీ గదిలో నిలబడి నిలబడి ఇంజను ఎలా పోగొట్టుకుందండీ?" అని అడిగింది గవరమ్మ.

"ఇవన్నీ మీకర్థం కావమ్మా. ఇంట్లో మగవాళ్ళుంటే పంపించండి."

గవరమ్మ ఇంట్లో మగవాడు లేడు. ఉన్నవాడు పచ్చిక బాగుందని కొండ అవతలికి వెళ్ళి ఇక తిరిగి రాలేదు. అతణ్ణి పిలిచి ఇదేమిటని అడిగినవాళ్ళు అడవిలో ఒక్కరూ లేరు. మగతోడు తెచ్చుకోమని ఆమెకు చెప్పేవాళ్ళు మాత్రం ప్రతి గుమ్మంలోనూ ఉన్నారు.

సరే, మగవాడే కావాలంటే మగవాణ్ణే తెస్తానని పొరుగున ఉండే దున్నపోతు పోతయ్యను వెంటబెట్టుకుని వెళ్ళింది. పోతయ్య జన్మలో బండెక్కలేదు. బురదగుంటలోంచి లేవడమే అతనికి పెద్ద ప్రయాణం. అయినా అతని కొమ్ములు గుమ్మంలో కనపడగానే జంబయ్య లేచి నిలబడ్డాడు. కుర్చీ వచ్చింది. ఫ్యాను అతని వైపు తిరిగింది. టీ వచ్చింది, ఒక్కటే. గవరమ్మ పక్కనే నిలబడి ఉంది.

"బావగారూ, మీరొచ్చారు కాబట్టి దాపరికం లేకుండా చెబుతున్నా," అంటూ జంబయ్య ముందుకు వంగాడు. "కంపెనీ ఏడాదిగా సామాను పంపడం లేదు. ఎలుగుబంటిగారు కొడుకు పెళ్ళికి బండి కొన్నారు. షోరూములో ఉండి ఉండి దాని బ్యాటరీ చచ్చిపోయింది. ఈవిడ బండిలోది పీకి దానికి పెట్టాం. కార్బురేటరు తోడేలుగారి బండికి వెళ్ళింది. మగాళ్ళు ఊరుకోరు కదా, రంకెలేస్తారు. ఈవిడకేముంది, దేవుడిచ్చిన వీపుంది. మోసుకుంటుంది."

మూరెడు దూరంలో గవరమ్మ చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయి. అడవిలో అంత పొడుగు చెవులు ఇంకెవరికీ లేవు. ఆ సంగతి జంబయ్యకు తట్టనే లేదు. పోతయ్య టీ ఊదుకుంటూ అవునవునన్నాడు.

జంబయ్య ఇంకా చెప్పుకుపోయాడు. ఆదివారం కంపెనీ కొంగ తనిఖీకి వస్తున్నాడట. షోరూము ఉంచాలా మూయాలా అతనే తేలుస్తాడట. బండి నడిపే ఆడవాళ్ళు ఈ షోరూముతో ఎంత సంతోషంగా ఉన్నారో ఫోటో కావాలన్నాడట. "ఈవిణ్ణి పూలదండ వేసుకుని బండి మీద కూర్చోమనండి బావగారూ. నవ్వితే చాలు. బండి సంగతి వచ్చే నెల చూద్దాం."

గవరమ్మ వెనక కాళ్ళు రెండూ ఒక్కసారి బిగుసుకున్నాయి. ఆ అద్దాల గదిని అద్దం ముక్కలుగా మార్చడానికి ఒక్క తన్ను చాలు. కానీ తన్నితే గాడిద బుద్ధి పోనిచ్చుకుంది కాదంటారు, బండి ఊసు ఎవరూ ఎత్తరు. అందుకని ఆమె తల దించుకుని, బావగారు ఒప్పుకుంటే తనకేం అభ్యంతరమంది.

"చూశారా, చెప్పేవాళ్ళు చెబితే ఎంత బాగా అర్థమవుతుందో," అన్నాడు జంబయ్య పోతయ్యతోనే.

దారిలో గవరమ్మ అడిగింది. "టీ బాగుందా బావా?"

"చక్కెర తక్కువైంది," అన్నాడు పోతయ్య.

 ఆ సాయంత్రం నుంచి గవరమ్మ, జంబయ్య దగ్గర బళ్ళు బాగుకిచ్చి రసీదు చీటీలు పట్టుకు తిరుగుతున్న వాళ్ళ గడపలన్నీ తొక్కింది. పాలు పోసే ఆవు, ప్రసవాలు చేయడానికి ఊరూరా తిరిగే ముళ్ళపంది, గింజలమ్మే ఉడుత, అందరికీ ఒకటే చెప్పింది. ఆదివారం ఫోటో తీస్తున్నారు, తప్పకుండా రండి.

ఆదివారం షోరూము ముందు జాతరలా ఉంది. జంబయ్య పొంగిపోయాడు. కంపెనీ కొంగ ఒంటికాలి మీద నిలబడి మెడలో కెమెరా సర్దుకున్నాడు. గవరమ్మ బండిని తుడిచి తళతళలాడించారు. బొట్లు పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. తమ షోరూములో ఆడపడుచులకే అగ్రస్థానమని జంబయ్య ఉపన్యాసమిచ్చాడు. గవరమ్మ దండ వేసుకుని బండెక్కింది.

కొంగ నవ్వమన్నాడు.

"నిమ్మకాయ తొక్కించకుండా నవ్వితే అశుభమండీ," అంది గవరమ్మ. "ఒక్క చుట్టు తిరిగొచ్చి నవ్వుతాను."

జంబయ్య ఫర్వాలేదమ్మా అన్నాడు. జనం ఊరుకోలేదు. పెట్టిన నిమ్మకాయ తొక్కించకుండా బండి దిగితే ఊరంతటికీ కీడని ముళ్ళపంది అడ్డుపడింది. అయితే వెనకనుంచి తోయిస్తానన్నాడు జంబయ్య. ఇంజనున్న బండిని తోయడం దేనికని గవరమ్మ బటను నొక్కింది. చిన్న చప్పుడైనా రాలేదు. కొంగ మెడ వంకర తిరిగింది.

జంబయ్య గబగబా నవ్వేశాడు. "ఆడవాళ్ళు కదా సార్. స్టార్టు చేయడం తెలీదు."

గవరమ్మ దిగి పక్కకు తప్పుకుంది. "నిజమే. మగవారు, తెలిసినవారు. మీరు చేసి చూపించండి."

ఇక తప్పలేదు. జంబయ్య బండెక్కి కిక్కు కొట్టాడు. పది కొట్టాడు, ఇరవై కొట్టాడు. నాలుక బయటికొచ్చింది, తోక వేలాడింది. నిమ్మకాయ చెక్కుచెదరలేదు. కొంగ ముందుకొచ్చి పక్క మూతను ముక్కుతో ఎత్తాడు. లోపల బ్యాటరీ ఉండాల్సిన చోట రెండు వైర్లు, ఒక సాలెగూడు ఉన్నాయి.

అంతవరకూ మూల నిలబడిన కోతి మెకానిక్ అంజి గొంతు సవరించుకున్నాడు. "అక్కా, లోపల ఇలాంటివి ఇంకో పదకొండున్నాయి. మీ అందరివీ."

జనం లోపలికి దూసుకుపోయారు. ఒక్కో మూత లేచింది. ఆవు బండికి చైను లేదు. ముళ్ళపంది బండికి వెనక చక్రమే లేదు. ఈ చక్రం లేకే తాను మొన్న నడిచి వెళ్ళాననీ, తాను చేరేసరికి లేడి బిడ్డ పోయిందనీ చెబుతుంటే ముళ్ళపంది ఒంటి మీద ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి.

కొంగ జంబయ్య మీద విరుచుకుపడ్డాడు, కంపెనీ పరువు తీశావని. సామాను పంపని కంపెనీకి పరువెక్కడిదని జంబయ్య తిరగబడ్డాడు. అక్కరలేని బళ్ళు నెత్తిన రుద్దింది మీరంటే, అమ్మడం చేతకానిది నీకని ఒకరినొకరు తిట్టుకున్నారు.

గవరమ్మ వాళ్ళిద్దరి మధ్యకు వెళ్ళి నిలబడింది.

"మీ తగువు నిజమే అయి ఉంటుంది. దాన్ని మీరిద్దరే మోసుకోండి. నా వీపు మీద పెట్టకండి." అంజి వైపు తిరిగింది. "తమ్ముడూ, షోకేసులో కొత్త బళ్ళున్నాయి కదా. ఎవరి బండిలో ఏది పోయిందో అది వాటిలోంచి తీసి బిగించు."

అది కంపెనీ ఆస్తి అన్నాడు కొంగ.

"మా బళ్ళేమో మీ గోదామా?" అంది ఆవు.

కొంగ చుట్టూ చూశాడు. కొమ్ములు, గిట్టలు, ముళ్ళు. రెండో కాలు కూడా కింద పెట్టి, అలాగే కానివ్వండన్నాడు.

షోకేసు బళ్ళలో కార్బురేటరు, చైను, చక్రం అన్నీ దొరికాయి గానీ చచ్చిపోని బ్యాటరీ ఒక్కటీ దొరకలేదు. ఆ షోరూము దగ్గర రోజూ తిరిగే మంచి బండి ఒక్కటే ఉంది, జంబయ్యది. జంబయ్య చూస్తుండగానే అంజి దాని బ్యాటరీ ఊడదీసి గవరమ్మ బండిలో పెట్టాడు. జంబయ్య పోతయ్య దగ్గరికి పరుగెత్తి, మీరైనా చెప్పండి బావగారూ అని బతిమాలాడు.

పోతయ్య నెమరు వేయడం ఆపాడు. "నాకు బళ్ళ సంగతి తెలీదయ్యా. ఆవిణ్ణడుగు," అన్నాడు.

మర్నాడు ఎండెక్కకముందే కుందేళ్ళ కూరలు పచ్చగా సంతకు చేరాయి. దారిలో జంబయ్య నడిచి పోతూ కనిపించాడు, షోరూము తాళాలు కంపెనీకి అప్పగించడానికి. గవరమ్మ హారను కొట్టింది. అతను రోడ్డు దిగి నిలబడ్డాడు.

నీతి: ఎదురుగా ఉన్న ఆడదాన్ని లెక్కచేయకుండా మాట్లాడేవాడు తన గుట్టు తానే ఆమె చేతిలో పెడతాడు.