ఎవరు జరిపినా జరగని గడియారం

అనగనగా అంటే మరీ అంత వెనకటి మాటేం కాదు అమ్మలూ, ఇంటింటికీ సెల్‌ఫోన్లు రాకముందు మాట. తుని అవతల ఒక ఊళ్ళో నూకరత్నం అని ఒక కోడలు ఉండేది. ముందు ఆ కాళ్ళు దుప్పట్లో పెట్టుకో, చెప్తా.

నూకరత్నం మొగుడు వీరబాబు లారీ తోలేవాడు. పదిహేను రోజులకోసారి వచ్చి, ఒక్క పూట ఉండి, మళ్ళీ పోయేవాడు. ఇంట్లో మిగిలింది మావగారు అప్పలస్వామి, అత్తగారు లోవమ్మ, ఆరేళ్ళ కూతురు చిట్టి. ముగ్గురికీ నూకరత్నమంటే ప్రాణం. అసలు తంటా అంతా ఆ ప్రాణంతోనే వచ్చింది, ఎలాగో నువ్వే చూద్దువుగాని.

నూకరత్నానికి దారం మిల్లులో పని దొరికింది. ఫోటో అంటించిన కార్డు ఇచ్చారు. దాని మీద ఆమె పేరు ఇంటిపేరుతో సహా నిండుగా రాసి ఉంది. పుట్టింట్లో ఆమె రత్తి, అత్తారింట్లో ఒసే, ఊళ్ళో వీరబాబు పెళ్ళాం. పూర్తి పేరుతో ఆమెను పిలిచింది ఆ కార్డు ఒక్కటే. అందుకని దాన్ని దేవుడి పటం పక్కన పెట్టుకునేది.

మిల్లు బస్సు పొద్దున్న ఆరూ ఐదుకి మలుపులో ఆగేది. ఆగేదంటే ఏం ఆగడంలే, ఎక్కేవాళ్ళు ఎక్కుతుండగానే కదిలిపోయేది. మూడుసార్లు బస్సు తప్పితే పేరు కొట్టేస్తామని మేస్త్రీ మొదటి రోజే చెప్పేశాడు.

మూడు నెలలు బాగానే గడిచాయి. నూకరత్నం చీకటితో లేచి, వాకిలి చిమ్మి, వంట చేసి, గోడ గడియారం చూసుకుని బయల్దేరేది. ఆ తర్వాత ఒకరోజు, గడియారంలో ఇంకా ఆరు కాకుండానే వెళ్ళింది కదా, మలుపులో బస్సు లేదు. దుమ్ము మాత్రం ఉంది.

ఇంటికొచ్చి కూలబడింది. కాసేపు ఏడ్చుకుని, ఊరికే కూర్చోలేక చిట్టికి తలంటు పోసి, సాంబ్రాణి వేసి, రెండు జడలు అల్లింది. మధ్యాహ్నం వేడన్నంలో పప్పూ నెయ్యీ కలిపి ముద్దలు పెట్టింది. అప్పుడు గడియారానికి కొత్త సెల్లు తెచ్చి వేసింది.

వారం తిరక్కుండా మళ్ళీ అదే. మళ్ళీ దుమ్ము, మళ్ళీ ఏడుపు, మళ్ళీ చిట్టికి రెండు జడలు. ఈసారి గడియారాన్ని సంచిలో పెట్టుకుని బాగుచేసేవాడి దగ్గరికి పట్టుకెళ్ళింది. అతను విప్పి, ఊది, చెవి దగ్గర పెట్టుకుని విని, దీనికి ఏ రోగమూ లేదు తల్లీ, మీ ఇంట్లో ఎవరో ముల్లు జరుపుతున్నారేమో చూసుకో అన్నాడు. మా ఇంట్లో ఎవరు జరుపుతారూ అనుకుంది నూకరత్నం. అనుమానం పోయి పోయి గడియారం వెనక కాపురముండే బల్లి మీద పడింది. నవ్వకు, నీకు తెలుసు గనక నవ్వుతున్నావు.

ఇక మిగిలింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ తప్పితే కార్డు వెనక్కి ఇచ్చేయాలి. ఆ ఊహకే ఆమెకు అన్నం సయించేది కాదు.

అప్పుడు ఆదివారం నాడు తుని బజారుకెళ్ళింది. అక్కడ ఖాదర్ సాహెబు గారిది గడియారాల కొట్టు. ఆయన ముందుగా ఒక చెక్క గడియారం చూపించాడు. లోలకం ఊగుతూ గంట గంటకీ గుడిగంటలాగా మోగుతోంది. దీని ముల్లు జరిపితే జరుగుతుందా అని అడిగింది నూకరత్నం. జరుగుతుందమ్మా అన్నాడు. అయితే వద్దంది.

ఆ తర్వాత ఇంకోటి చూపించాడు. అందులో తలుపు తెరుచుకుని పిట్ట బయటికొచ్చి కూస్తుంది. పిట్టని చూసి చిట్టి గుర్తొచ్చింది, మనసు లాగింది. అయినా అదే ప్రశ్న అడిగింది. దీని ముల్లూ జరుగుతుందన్నాడు. కళ్ళు మూసుకుని వద్దనేసింది.

అప్పుడు సాహెబు గారు లోపలి అలమరలోంచి మూడోది తీశాడు. దానికి ముళ్ళు లేవు, లోలకం లేదు, పిట్ట లేదు. నల్లటి పలక మీద ఎర్రటి అంకెలు వెలుగుతున్నాయి, అంతే. ఎక్కడో పెద్ద స్తంభం మీంచి గాలిలోకి టైము వదులుతుంటారట. మన రేడియో పాట పట్టుకున్నట్టు ఇది ఆ టైము పట్టుకుంటుందట. నిజమా అని నన్నడక్కు, సాహెబు గారు చెప్పింది చెప్తున్నాను.

మరి దీన్ని ఎవరైనా మార్చేస్తేనో అంది నూకరత్నం.

"వెనక బొత్తాలున్నాయమ్మా, నొక్కితే మారుతుంది. కానీ రోజూ తెల్లవారుజామున గాలిలో టైము మళ్ళీ విని, తప్పు తనే దిద్దుకుంటుంది," అన్నాడాయన.

నూకరత్నం ఇంకో మాట అడగలేదు. తన జీతంతో తనే కొనుక్కుని, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చుకుంది.

ఇంటికి తెచ్చి మేకుకి తగిలిస్తే, ముగ్గురి మొహాలూ వాడిపోయాయి. ముళ్ళు లేని గడియారమేంటే, చూడ్డానికి బాగాలేదంది లోవమ్మ. అప్పలస్వామి దాన్ని మేకు మీంచి దించి, రెండుసార్లు తిప్పి వెనక ఏముందో చూశాడు. చిట్టి అయితే పలకరించనే లేదు. నూకరత్నం అవేమీ పట్టించుకోకుండా, హమ్మయ్య అనుకుని పడుకుంది.

తెల్లారింది. అంకెలు ఐదూ యాభై ఐదు చూపిస్తున్నాయి. నూకరత్నం క్యారేజీ మూతపెట్టి చెప్పులేసుకోబోతోంది. అప్పలస్వామి వేపపుల్ల నోట్లోంచి తీసి, ఇంకా బోలెడు టైముందమ్మా, కూర్చుని నాలుగు మెతుకులు తిని వెళ్ళు అన్నాడు. అప్పుడే పెరట్లోంచి లోవమ్మ, టైమైపోయిందే, బస్సొచ్చేసుంటుంది, పరుగెత్తు అని కేకేసింది. ఆయన కాదంటాడు, ఆవిడ అవునంటుంది. గడియారం ముందుందని ఆయన, వెనకుందని ఆవిడ. మీకెలా తెలుసు అని అడిగింది నూకరత్నం.

మావగారు తల దించుకుని చెప్పాడు. "నీకు బస్సు తప్పకూడదని రోజూ సాయంత్రం పది నిమిషాలు ముందుకి జరుపుతానమ్మా. నిన్న కూడా బొత్తాం నొక్కి జరిపాను."

లోవమ్మ చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "మిల్లులో నిలబడి నిలబడి నీ కాళ్ళు వాచిపోతున్నాయి. ఇంకో పది నిమిషాలు పడుకుంటావని రోజూ నేను వెనక్కి జరుపుతానే, నిన్నా జరిపాను."

చూశావా అమ్మలూ, మూడు నెలల పాటు ఆయన పది ముందుకి, ఈవిడ పది వెనక్కి. రెండూ చెల్లుకి చెల్లు. గడియారం సరిగ్గా నడిచింది గానీ, ఒకరి సంగతి ఒకరికి తెలీదు పాపం.

మరి ఆ రెండు రోజులూ బస్సెలా తప్పింది? నూకరత్నం అలా అనుకుంటుండగానే ట్రంకుపెట్టె పక్కనుంచి వెక్కిళ్ళు వినబడ్డాయి. చిట్టి మోకాళ్ళలో మొహం దాచుకుని కూర్చుంది. పాత గడియారం ముల్లు ఆ రెండుసార్లూ పెట్టె ఎక్కి వెనక్కి తిప్పింది తనేనంది. నిన్న ఏ బొత్తామో తెలీక అన్నీ నొక్కేశానంది.

నూకరత్నం లెక్కేసుకుంది. మావ మాట నిజమైతే కావలసినంత టైముంది. అత్త మాట నిజమైతే బస్సు ఇప్పుడే కదిలిపోతోంది. చిట్టి మాట నిజమైతే ఎంతైందో ఆ దేవుడికే తెలియాలి. కార్డు కేసి చూసింది, అంకెల కేసి చూసింది. అప్పుడు సాహెబు గారి మాట గుర్తొచ్చింది. ముగ్గురూ నొక్కింది నిన్ననే. తెల్లవారుజామున అది తన తప్పు తను దిద్దుకుని ఉంటుంది.

"ఐదూ యాభై ఐదే," అంది. మలుపుదాకా నడక ఐదు నిమిషాలు. ఇంకా ఐదు నిమిషాలున్నాయి. క్యారేజీ కింద పెట్టి, నేల మీద కూర్చుని, చిట్టిని ఒళ్ళోకి లాక్కుంది. ఎందుకు తిప్పావమ్మా అని అడిగింది.

"మొదటిసారి నువ్వు ఇంకాసేపు ఇంట్లో ఉంటావని తిప్పాను. బస్సు వెళ్ళిపోయింది, నువ్వు నాకు తలంటు పోశావు. రెండు జడలేశావు. మళ్ళీ వెళ్ళిపోతే మళ్ళీ వేస్తావని," అంది చిట్టి.

నూకరత్నానికి అప్పుడర్థమైంది. తను కుళ్ళి కుళ్ళి ఏడ్చిన ఆ రెండు రోజులూ ఈ పిల్లకి పండగలన్నమాట. ఆ ఐదు నిమిషాలూ పిల్లని గుండెకి హత్తుకుని ఊరికే ఊగుతూ కూర్చుంది. ఆ తర్వాత లేచి నడిచి మలుపుకెళ్ళింది. ఆరూ ఐదుకి బస్సొచ్చింది, ఎక్కింది.

మర్నాటి నుంచి పావుగంట ముందే లేచేది. ఐదూ నలభైకి చిట్టిని లేపి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, రెండు జడలూ వేసేది. ఆ పిల్ల అఆలు నేర్వకముందే ఐదూ నలభై చదవడం నేర్చుకుంది. మావగారు బొత్తాల జోలికి పోలేదు. అత్తగారు పొద్దున్న వంట తను అందుకుంది.

మరి పాత గడియారం ఏమైందంటావా? చిట్టికి అందేంత కిందికి మేకు కొట్టి, దాన్ని చిట్టికే ఇచ్చేసింది. ఆదివారం ఎర్రంకెల మీద తువ్వాలు కప్పేసేవాళ్ళు. ఆ రోజు చిట్టి ముల్లు ఎక్కడ పెడితే అదే టైము. తొమ్మిదంటే తొమ్మిది, మళ్ళీ తొమ్మిదంటే మళ్ళీ తొమ్మిదే.

ఆ చిట్టి ఇప్పుడెక్కడుందీ? పక్క గదిలో నీ బట్టలు మడతపెడుతోంది చూడు, అదే. ఊఁ, మీ అమ్మే. రేపు ఆదివారం కదా, తువ్వాలు నువ్వు కప్పుదువుగాని. ఇక కళ్ళు మూసుకో.

కథ కంచి బస్సెక్కింది,
మనకు మన ఇల్లు మిగిలింది,
అమ్మలు మంచమెక్కింది,
కంటి మీదికి కునుకొచ్చింది.