ఊట తాగిన వేరు

అనగా అనగా కొండ నడుము మీద ఒక ఊరుండేదిరా బంగారూ. పైన రాళ్ళ సందులో ఒక ఊట. ఊరంతా కలిసి ఆ ఊటకి తొట్టి కట్టి, గొట్టం వేసి, నీళ్ళు కిందికి దించుకున్నారు. వీధివీధికీ కుళాయి వచ్చింది. వారానికో ఇంటివాళ్ళు పైకెళ్ళి తొట్టి కడగాలని వంతులు పెట్టుకున్నారు.

కొన్నాళ్ళు బాగానే వెళ్ళారు. ఆ తర్వాత ఒకరు మానేశారు. వాళ్ళని చూసి పక్కింటివాళ్ళు మానేశారు. "నీళ్ళొస్తూనే ఉన్నాయిగా" అనుకుని అందరూ మానేశారు.

అప్పుడు ఒక పొద్దున కుళాయి తిప్పితే, నీళ్ళకంటే ముందు ఊపిరి వచ్చింది. ఉస్స్... అని, మనిషి నిట్టూర్చినట్టు. మర్నాడు నీళ్ళతోపాటు నల్లటి పోగులు వచ్చాయి, అచ్చం వెంట్రుకల్లా. ఆ మర్నాడు నీళ్ళే రాలేదు. చెవి పెట్టి వింటే, లోపల ఏదో చప్పరిస్తున్న చప్పుడు.

"ఊటలో దయ్యం చేరింది" అన్నారు. పైకి వెళ్ళడానికి ఎవరికీ గుండె చాల్లేదు. కింద వాగులో పశువులు దిగే నీళ్ళే తెచ్చుకున్నారు. బుద్రి అని ఒక కోడలుండేది. ఆ నీళ్ళు తాగి ఆవిడ చంటిబిడ్డకి వాంతులు పట్టుకున్నాయి. పాపం, బిడ్డ కళ్ళు లోపలికి పోయాయి.

అప్పుడు బుద్రి బిడ్డని అత్త సోములమ్మ ఒళ్ళో పెట్టింది. "అత్తా, దయ్యమైతే దయ్యమే, దాని మొహమేదో చూసొస్తాను" అని కత్తి పట్టుకుని కొండెక్కింది.

పైన పిట్ట కూత కూడా లేదు. తొట్టి మూత ఎత్తింది. లోపల నల్లగా జడ! తొట్టినిండా చుట్టుకుని, కొస గొట్టంలోకి దూరి, మెల్లిగా కదులుతోంది. పట్టుకుంటే తెలిసింది, అది వేరు. ఏ చెట్టుదో, ఎక్కణ్ణించి వచ్చిందో. కత్తి వేస్తే జారిపోయింది. లాగితే, అది తిరిగి లాగింది.

బుద్రి గొట్టానికి నోరు ఆనించి అరిచింది. "రండర్రా! నా ఒక్కదానివల్ల కాదు!"

కింద కుళాయిలన్నీ ఒక్కసారిగా అరిచాయి! జనం తలుపులేసుకున్నారు. సోములమ్మ మాత్రం దగ్గరికెళ్ళి వింది. "దయ్యం కాదర్రా, నా కోడలు!" అని బిడ్డని చంకనేసుకుని కొండదారి పట్టింది. ముసలావిడే వెళ్తుంటే సిగ్గేసి, ఒకరి వెనక ఒకరు కదిలారు.

అందరూ వరసగా నిలబడి లాగారు. వేరు మూలిగింది. మళ్ళీ లాగారు. బుసకొట్టింది. మూడోసారికి ఊడొచ్చి మీద పడింది, వీధంత పొడుగు! ఊట నీళ్ళు గలగలా గొట్టంలోకి దూకాయి. బుద్రి ఆ నీళ్ళు దోసిట పట్టి, బిడ్డకి గుక్క గుక్కా తాగించింది. పొద్దు వాలేసరికి బిడ్డ గట్టిగా ఏడ్చాడు. హమ్మయ్య అని ఊరంతా ఊపిరి పీల్చుకుంది.

ఆ వేరుని తెచ్చి కుళాయి పక్కన ఎండేశారు. ఎండలు ముదిరాయి. ఊళ్ళో కట్టెలన్నీ పెళపెళమన్నాయి. అది మాత్రం ఆరలేదు. ఒక పొద్దున సోములమ్మ వంగి చూసింది. కొసన తెల్లగా కొత్త మొలక, కుళాయి వైపే తిరిగి ఉంది.

ఆవిడ ఇంట్లోకెళ్ళి చీపురు తీసుకుని, "లేవే బుద్రీ, ఈ వారం తొట్టి వంతు మనదే" అంది.

కథ కంచి దారి పట్టింది,
ఊట ఊరి దారి పట్టింది,
మా బంగారానికి నిద్దర పట్టింది.