ఒకటిన్నర ఆంగ్‌స్ట్రాముల తెలివి

విశాఖలో ఒక ల్యాబు. అందులో ముగ్గురు అటెండర్లు: గవరయ్య, అతని తమ్ముడు నూకయ్య, బావమరిది ఎర్రప్పడు. ల్యాబులో ఉన్న తెలివంతా తమ దగ్గరే ఉందనీ, సైంటిస్టులకి డిగ్రీలు మాత్రమే మిగిలాయనీ ఈ ముగ్గురికీ గట్టి నమ్మకం. "మనం నేకపోతే ఈ మేడమ్‌కి ఏటి తెలుస్తాదిరా?" అని టీ తాగినప్పుడల్లా ఒకరినొకరు మెచ్చుకునేవారు.

మేడమ్ అంటే డాక్టర్ భ్రమరాంబ. తేలు విషంలో ఉండే ఒక ప్రోటీను ఆకారం కనిపెట్టి, తేలుకాటుకి మందు చెయ్యాలని ఆవిడ పట్టుదల. ఎనిమిది నెలలు తంటాలు పడితే ఆ ప్రోటీనుది ఒక్క క్రిస్టల్ పెరిగింది, నువ్వుగింజలో సగం. మర్నాడు దాన్ని ఎక్స్‌రే మిషన్లో పెట్టాలి. ఆ ముందురోజు మీటింగుకి వెళ్తూ ఆవిడ ముగ్గురినీ పిలిచింది.

"ఇదివరకటి బొమ్మలు మూడు ఆంగ్‌స్ట్రాముల దగ్గరే ఆగిపోయాయయ్యా, అంతా మసక. ఆంగ్‌స్ట్రామంటే సెంటీమీటరులో పదికోట్లో వంతు. అంకె ఎంత తగ్గితే బొమ్మ అంత తేట. ఒకటిన్నరకి దిగితే చాలు, పరమాణువులు విడివిడిగా కనిపిస్తాయి. అవి కదిలాయా, మళ్ళీ మసకే. క్రిస్టల్ పెద్దదైతే ఇంకా మంచిది గానీ, మనకున్నది ఇదొక్కటే. ఎండిపోనివ్వకండి, జాగ్రత్త!"

ఆవిడ అటు వెళ్ళింది. అంతే, వీళ్ళు పనిలో దిగారు.

ముందు ఎర్రప్పడు గాజుమూత దగ్గర నోరు పెట్టి, "ఒరే పరమాణువులూ! రేపు మీకు ఫొటో ఉంది. ఒక్కడూ కదలకూడదు. ముక్కు దురదెట్టినా గోక్కోకూడదు" అని గద్దించాడు. జవాబు రాలేదు. "సూసినారా, ఎంత బుద్ధిగా ఇన్నాయో!" అని మురిసిపోయాడు.

తర్వాత తడి సంగతి. క్రిస్టల్ ఒక్క చుక్క ద్రవంలో ఉంది. "చుక్క ఎంతసేపుంటాది?" అని నూకయ్య దాన్ని గ్లాసెడు నీళ్ళలో వేశాడు. "గ్లాసు మాత్రం ఎండదేటి?" అని గవరయ్య బకెట్లోకి వంపాడు. మరి బకెట్టు ఎండదా? ఇంకేముంది, మేడెక్కి రెండువేల లీటర్ల ట్యాంకులో పోసి, మూత బిగించి వచ్చారు.

మర్నాడు మేడమ్ వచ్చే వేళయింది, మిషన్ చూస్తే ఖాళీ. "నీళ్ళలోంచి తీస్తే ఎండిపోతాది" అన్నాడు నూకయ్య. "పెద్దదైతే ఇంకా మంచిదని మేడమే సెప్పినారు కదేటి!" అని ఎర్రప్పడు జేబులోంచి ప్రసాదం పొట్లం తీసి, కలకండ పలుకొకటి ఏరి మిషన్లో పెట్టాడు.

భ్రమరాంబ పరుగున వచ్చి మిషన్ నడిపించింది. అంకె రెండు దాటింది, ఒకటిన్నర దాటింది, సున్నా పాయింట్ ఎనిమిదికి దిగింది. ఒక్కో పరమాణువూ గుండ్రంగా, తేటగా కనిపించింది. ఆవిడ సంతోషం పట్టలేక గంతేసింది. తీరా లెక్కపెడితే, వేలల్లో ఉండాల్సినవి పట్టుమని యాభై లేవు.

"ఇది పంచదార కదయ్యా! నా క్రిస్టలేదీ?"

"బెంగెట్టుకోకండి, సల్లగా ట్యాంకులో ఉంది."

"అది నీళ్ళలో కరిగిపోతుందయ్యా!" ఎనిమిది నెలల కష్టం తలుచుకుని ఆవిడ భోరుమంది. పాపం, ముగ్గురికీ గుండె కరిగింది.

"కరిగితే మాత్రం ఎక్కడికి పోతాది? వడగట్టీద్దుం" అని నూకయ్య టీ జల్లెడ పట్టుకొచ్చాడు.

గవరయ్య ఆ జల్లెడని వెలుతురులో పెట్టి చూసి, "ఛీ, దీని కన్నాలు మరీ పెద్దయిరా" అని పారేశాడు. భుజం మీద తువ్వాలు తీశాడు. "దీని కన్నం మూడు ఆంగ్‌స్ట్రాములుంటాది. రెండు మడతలేత్తే ఒకటిన్నర!" అని దాన్ని పైపు మూతికి గట్టిగా కట్టి, ట్యాంకు నీళ్ళన్నీ కాలువలోకి వదిలేశాడు.