తవుడు మెత్తిన ఒడ్డు

నల్లమడుగు చెరువు పడమటి ఒడ్డున కప్పలు కూడా అరవవు. మిట్టమధ్యాహ్నం అక్కడ గాలి ఆడదు, నీళ్ళు కదలవు. అలాంటి చోట ఓ గుంటనక్క రోజూ వెళ్ళి కూర్చునేది. ఎందుకంటారా? ఆ మడుగులో దూడంత ముసలి బొచ్చె చేప ఉంది. పోయిన ఎండాకాలం నీళ్ళు ఇంకినప్పుడు దాని పిల్లల్ని ఏరుకు తిన్నది ఈ నక్కే. ఇప్పుడు ఆ తల్లి కూడా కావాలట! సిగ్గు లేకపోతే సరి.

లోతులో ఉన్న చేప ఒడ్డుకు రావాలంటే మేత వెయ్యాలి. నక్క ఊళ్ళోంచి తవుడు ఎత్తుకొచ్చి నీళ్ళలో చల్లింది. తవుడు కాస్తా తేలిపోయింది. మర్నాడు తెలివిగా నీటి అంచున ఒడ్డు మట్టిలోనే కూరి, పైన మెత్తింది.

"ఇక తినాలంటే నా కాళ్ళ దగ్గరికే రావాలి" అని మీసం దువ్వుకుంది.

మొదట బుడగలు వచ్చాయి. తర్వాత నీళ్ళు బురదెక్కాయి. నాలుగో రోజు ఓ గొంతు వినిపించింది.

"ఎవరు నాయనా, ఇంత దయగల బిడ్డవి?"

"నీ కొడుకులాంటివాణ్ణి పెద్దమ్మా. తిను, తిను."

"పళ్ళు లేనిదాన్ని. ఇంకాస్త లోపలికి కూరు నాయనా, మెత్తగా నానుతుంది."

నక్క మోచేతి దాకా కూరింది. రోజురోజుకీ ఆ గొంతు దగ్గరయింది. ఎనిమిదో రోజు అది నీళ్ళలోంచి కాదు, సరిగ్గా నక్క పొట్ట కింద నేలలోంచి వచ్చింది. గుటుక్, గుటుక్. నక్కకి భయం వేసింది. కానీ ఆశ ముందు భయమెంత?

తొమ్మిదో రోజు నీళ్ళు తాగడానికొచ్చిన దున్న దూరంగానే ఆగిపోయింది.

"ఒరే నక్కా, ఇవతలికి రా. ఆ ఒడ్డు మీద కాలు పెట్టాలంటే నాకు గుండె దడగా ఉంది."

"మెల్లగా దున్నన్నా! నీ అడుగుల చప్పుడుకి చేప బెదిరిపోతుంది."

"బెదిరే చేప నాయనా అని పిలుస్తుందా? అతి వినయం ధూర్త లక్షణం రా."

"గడ్డి మేసేవాడివి, వేట సంగతి నీకెందుకు?"

అంతలో నీటి అంచున వెడల్పాటి వీపు తేలింది. అరచేతులంత పొలుసులు! నక్క దూకబోతూ వెనక్కాళ్ళు బిగించింది. ఆ బిగింపుకే ఒడ్డు ఊడిపోయింది. పైన పచ్చగడ్డి తప్ప కింద మట్టే లేదు.

నీళ్ళలో పడ్డ నక్క ఏ గడ్డ పట్టుకుంటే ఆ గడ్డ చేతికొచ్చింది.

"పెద్దమ్మా! చచ్చిపోతున్నా! ఒడ్డేదీ? ఒడ్డెక్కడ?"

చుట్టూ పది చేపల నోళ్ళు మెల్లగా తెరుచుకున్నాయి.

"ఒడ్డా?" అంది ముసలి చేప, అదే తియ్యటి గొంతుతో. "ఇన్నాళ్ళూ మాకు తినిపించింది దాన్నే కదా నాయనా."

దున్న చూస్తుండగానే నీళ్ళు మళ్ళీ కదలడం మానేశాయి.

నీతి: ఎర వేసేవాడు ఎదుటివాడి నోరు చూస్తాడు గానీ, తన కాళ్ళ కింది నేల చూసుకోడు.